ఒకే ఫార్ములా, రెండు రంగులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మొక్కల్లోనూ సూక్ష్మజీవుల్లోనూ సహజంగా పుట్టే రసాయనాల గురించి వచ్చిన ప్రశ్నల్లో ఏడింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ప్రయోగం మధ్యలో ఆగిపోయి రాసినవారికి ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్, క్యారెట్‌కు నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్ రెండింటికీ మా పుస్తకంలో సి40హెచ్56 అనే ఫార్ములా ఉంది. అచ్చుతప్పా? కాకపోతే రంగులెందుకు వేరు?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అచ్చుతప్పు కాదండీ. ముందు ఒక చిన్న లెక్క చేయండి. 40 కార్బన్లు వలయాలూ ద్విబంధాలూ ఏమీ లేకుండా గొలుసుగా ఉంటే వాటికి 82 హైడ్రోజన్లు పట్టాలి. ఇక్కడున్నవి 56. తగ్గిన 26ను రెండుతో భాగిస్తే 13. అంటే ఆ అణువులో ద్విబంధాలు, వలయాలు కలిపి 13 ఉండి తీరాలి. లైకోపీన్‌లో ఆ 13 కూడా ద్విబంధాలే, వలయం ఒక్కటీ లేదు. బీటా కెరోటిన్‌లో ద్విబంధాలు 11, రెండు కొసల్లో చెరో వలయం. మొత్తం మళ్ళీ 13. లైకోపీన్ కొసలు రెండూ ముడుచుకుని వలయాలైతే వచ్చేదే బీటా కెరోటిన్. మొక్కలో ఆ పని చేసే ఎంజైమ్ పేరు లైకోపీన్ సైక్లేజ్. ఒక్క హైడ్రోజన్ కూడా పోదు, రాదు. ఫార్ములా మారకపోవడానికి కారణం అదే.

ఇక రంగు. ఒకటి విడిచి ఒకటిగా వరసలో ఉన్న ద్విబంధాలే ఇక్కడ రంగునిస్తాయి. లైకోపీన్‌లోని 13లో 11 వరసలో ఉన్నాయి, మిగతా రెండూ కొసల్లో విడిగా ఉన్నాయి. బీటా కెరోటిన్‌లోనూ వరసలో ఉన్నవి 11. లెక్క సమానమే అయినా, బీటా కెరోటిన్‌లో ఆ వరస చివరి రెండు ద్విబంధాలు వలయాల లోపల పడ్డాయి. వలయం మీది మిథైల్ సమూహాలు పక్కనున్న గొలుసు హైడ్రోజన్లకు అడ్డుతగిలి, వలయం మొత్తం గొలుసు తలం నుంచి పక్కకు తిరిగిపోతుంది. తలం తప్పిన ద్విబంధం వరసలో ఉన్నా పూర్తిగా కలవదు. అందుకే పెట్రోలియం ఈథర్‌లో కొలిస్తే లైకోపీన్ వెలుగును ఎక్కువగా మింగే శిఖరాలు 444, 470, 502 నానోమీటర్ల దగ్గర, బీటా కెరోటిన్‌వి 450, 476 దగ్గర కనిపిస్తాయి. 502 దగ్గరి శిఖరం ఆకుపచ్చ వెలుగును కూడా మింగేస్తుంది కాబట్టి మన కంటికి మిగిలేది ఎరుపు.

మీరు వీటిని టీఎల్‌సీ ప్లేటు (సిలికా పలుచగా పూసి, మిశ్రమాన్ని చుక్కలుగా విడదీసే పలక) మీద చూడాలనుకుంటే చుక్కలు కనబడగానే పెన్సిల్‌తో గీసుకోండి. సిలికా మీద గాలికీ వెలుతురుకూ ఈ రెండూ త్వరగా వెలిసిపోతాయి, ఆనక ప్లేటు ఖాళీగా కనిపిస్తుంది.

ప్రశ్న: మొక్కల్లో లక్షల రకాల పదార్థాలుంటాయంటారు. అన్ని రకాలకు అన్ని ముడిసరుకులు కావాలి కదా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: అక్కర్లేదు. ముడిసరుకులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఎసిటైల్ కోఎంజైమ్-ఎ, షికిమిక్ ఆమ్లం, ఐదు కార్బన్ల ఐసోప్రీన్ ముక్క, కొన్ని అమైనో ఆమ్లాలు. దాదాపు అంతా వీటి నుంచే. ఐసోప్రీన్ ముక్కలు రెండు కలిస్తే 10 కార్బన్ల మోనోటర్పీన్లు, మూడు కలిస్తే 15 కార్బన్ల సెస్క్విటర్పీన్లు, నాలుగైతే 20 కార్బన్ల డైటర్పీన్లు. పైన చెప్పిన కెరోటినాయిడ్లలో ఈ ముక్కలు ఎనిమిది. ఈ వరసను మొదట పట్టుకున్న ఆటో వాలాక్‌కు 1910లో నోబెల్ వచ్చింది. లియోపోల్డ్ రుజిచ్కా దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు.

వైవిధ్యం వచ్చేది ముడిసరుకు నుంచి కాదు, తర్వాత ఎంజైములు చేసే చెక్కుడు పని నుంచి. ఈ మాటకు పుదీనా జాతి మొక్కల కంటే మంచి సాక్ష్యం లేదు. స్పియర్‌మింట్, పెప్పర్‌మింట్ రెండూ ఎడమ లిమోనిన్ అనే ఒకే టర్పీన్‌తో మొదలుపెడతాయి. స్పియర్‌మింట్‌లోని ఎంజైమ్ ఆ వలయంలో ఆరో కార్బన్ మీద ఆక్సిజన్‌ను పెడుతుంది. ఇంకొక్క మెట్టు ఎక్కగానే కార్వోన్ తయారవుతుంది. పెప్పర్‌మింట్‌లోని ఎంజైమ్ మూడో కార్బన్ మీద పెడుతుంది. అక్కడి నుంచి మరికొన్ని మెట్లు దాటితే మెంథాల్. వాసనలు పూర్తిగా వేరు, మొదలు మాత్రం ఒక్కటే. ఆ ఎంజైములు రెండూ ఎంత దగ్గరి చుట్టాలంటే, స్పియర్‌మింట్ ఎంజైమ్‌లో 363వ స్థానంలో ఉన్న ఫినైల్‌అలనిన్‌ను తీసి ఐసోల్యూసిన్‌ను పెట్టగానే అది ఆరో కార్బన్‌ను వదిలి మూడో కార్బన్ మీద పనిచేసింది. రోడ్నీ క్రోటో ప్రయోగశాల 2000లో చూపిన ఫలితం ఇది. ఒక్క అమైనో ఆమ్లం మారితే మొక్క వాసనే మారిపోయే దారి తెరుచుకుంటుందన్నమాట!

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కారవే గింజల్లోనూ కార్వోనే ఉంటుంది, కాని అది స్పియర్‌మింట్ కార్వోన్‌కు అద్దంలో ప్రతిబింబం. ఫార్ములా, మరిగే ఉష్ణోగ్రత, ఎన్.ఎం.ఆర్. స్పెక్ట్రం (అయస్కాంత క్షేత్రంలో అణువు నిర్మాణాన్ని చూపే కొలత) అన్నీ ఒకటే, వాసన మాత్రం వేరు. ముక్కులోని గ్రాహకాలు కూడా ఎడమ కుడి తేడా ఉన్న అణువులే కాబట్టి ఒకదానికి అమరింది రెండోదానికి అలా అమరదు.

ప్రశ్న: బెరడు పొడి నుంచి బెర్బెరిన్ తీయాలనుకున్నాను. మెథనాల్ సారాన్ని 2 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి, వడగట్టి, అమ్మోనియాతో పీహెచ్ 10కి తెచ్చి, క్లోరోఫామ్‌తో మూడుసార్లు కుదిపాను. క్లోరోఫామ్ పొర ఆరబెడితే ఏమీ మిగల్లేదు. పసుపంతా నీళ్ళలోనే ఉండిపోయింది. ఆల్కలాయిడ్లకు పుస్తకంలో ఉన్న పద్ధతే చేశాను. తప్పెక్కడ?
– ఎం.ఎస్సీ. ప్రాజెక్టు విద్యార్థి

జవాబు: చేతిపనిలో తప్పు లేదు. పద్ధతే ఈ అణువుకు నప్పదు. ఆమ్లం, క్షారం మార్చి ఆల్కలాయిడ్లను లాగే కిటుకు ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి. సాధారణ ఆల్కలాయిడ్‌లో (మొక్కల్లో దొరికే, నత్రజని ఉన్న క్షారగుణ పదార్థంలో) నత్రజని మీద ఒక ఎలక్ట్రాన్ జంట ఖాళీగా ఉంటుంది. ఆమ్లంలో అది ఒక ప్రోటాన్‌ను పట్టుకుని ధనావేశంతో నీళ్ళలోకి వెళ్తుంది. క్షారం పోస్తే ప్రోటాన్ ఊడి, ఆవేశం పోయి, క్లోరోఫామ్‌లోకి వస్తుంది. దాని పీకేఏ (సగం అణువుల మీద ప్రోటాన్ ఉండే పీహెచ్) కంటే పీహెచ్ రెండు అంకెలు పైన ఉంటే నూటికి 99 వంతులు ఆవేశం లేని రూపంలోనే ఉంటుంది.

బెర్బెరిన్ నత్రజనికి ఊడిపోవడానికి ప్రోటానే లేదు. దాని నాలుగు బంధాలూ కార్బన్లతోనే. దీన్నే క్వాటర్నరీ నత్రజని అంటారు. ఆ ధనావేశం ఏ పీహెచ్‌లోనైనా ఉంటుంది. మీరు అమ్మోనియా ఎంత పోసినా అది నీటిని వదిలిరాదు. అంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక: క్షారం కలిసిన క్లోరోఫామ్‌తో బెర్బెరిన్‌ను ఎక్కువసేపు ఉంచితే ఎనిమిదో కార్బన్‌కు ట్రైక్లోరోమిథైల్ సమూహం అంటుకుని, మొక్కలో లేని కొత్త పదార్థం తయారవుతుంది. ఎసిటోన్‌తోనూ క్షారంలో ఇలాగే జరుగుతుంది. ఈ రెండు ద్రావణులనూ పక్కన పెట్టండి.

బెర్బెరిన్‌కు నప్పే దారి లవణాల కరిగే గుణంలో ఉంది. సల్ఫేట్ నీళ్ళలో బాగానే కరుగుతుంది, క్లోరైడ్ చల్లని నీళ్ళలో చాలా తక్కువగా కరుగుతుంది. 50 గ్రాముల పొడిని 500 మిల్లీలీటర్ల 0.5 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 24 గంటలు నానబెట్టండి, మధ్యమధ్యలో కలపండి. గుడ్డతో ఒకసారి, ఆపైన ఫిల్టర్ కాగితంతో ఒకసారి వడగట్టండి. తేట ద్రవంలో 40 గ్రాముల ఉప్పు (సోడియం క్లోరైడ్) కరిగించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కు తెచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దునకు అడుగున పసుపు ముద్ద కనిపిస్తుంది. దాన్ని వడగట్టి, కొద్దిపాటి చల్లని నీళ్ళతో కడిగి, సరిపడా మరుగుతున్న నీళ్ళలో కరిగించి, వేడిగా ఉండగానే వడగట్టి, నెమ్మదిగా చల్లారనివ్వండి. పసుపు సూదుల్లాంటి స్ఫటికాలు వస్తాయి. ముద్ద జిగటగా, గోధుమ రంగులో ఉంటే మొదటి వడగట్టుడు సరిగా కాలేదని, జిగురు పదార్థాలు వెంట వచ్చాయని అర్థం. వేడి నీళ్ళతో ఇంకోసారి స్ఫటికీకరిస్తే తేరుకుంటుంది.

చూసుకోవడానికి సిలికా ప్లేటు, బ్యుటనాల్–ఎసిటిక్ ఆమ్లం–నీళ్ళు 7:1:2 వాడండి. 365 నానోమీటర్ల దీపం కింద చుక్క పసుపుగా మెరుస్తుంది. ఆమ్లం లేని ద్రావణి వాడితే చుక్క కింద నుంచి తోకలా సాగుతుంది.

మీ ప్రశ్న చదివే మిగతావారికి రెండు మాటలు. మామూలు ఆల్కలాయిడ్లకు మీరు చేసిన పద్ధతి మంచిదే, కాని క్షారాన్ని చూసి ఎంచుకోవాలి. మార్ఫిన్‌లో నత్రజనితో పాటు ఫినాల్ కూడా ఉంది. సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే ఫినాల్ ఋణావేశం తెచ్చుకుని మళ్ళీ నీళ్ళలోకే పోతుంది. అలాంటివాటికి అమ్మోనియాతో పీహెచ్ 9 దగ్గర ఆగాలి. హయోసయమిన్ ఒక ఎస్టర్. గాఢ క్షారంలో అది తెగిపోతుంది, తెగకముందే కుడి ఎడమలు కలిసిపోయి అట్రోపిన్ అవుతుంది. ఇక కుదిపినప్పుడు రెండు పొరల మధ్య నురగ గడ్డకట్టడం గురించి చాలామంది రాశారు. మొక్కలోని సాపోనిన్లు సబ్బులా పనిచేయడం వల్ల వచ్చే చిక్కు అది. ఫనెల్‌ను గట్టిగా ఊపకుండా నెమ్మదిగా తలకిందులు చేయండి. గడ్డకట్టాక అయితే కాస్త ఉప్పు వేసి చూడండి, అప్పటికీ విడకపోతే సీలైట్ (వడగట్టడానికి వాడే మెత్తటి మట్టిపొడి) పరిచిన ఫనెల్ గుండా వడగట్టండి. ఏ పొరనూ పారబోయకముందు రెండింటి నుంచీ చెరొక చుక్క తీసి డ్రాగెన్‌డార్ఫ్ కారకంతో చూడండి. నారింజ రంగు ఎక్కడ వస్తే మీ ఆల్కలాయిడ్ అక్కడుంది.

ప్రశ్న: పసుపు పొడి సారాన్ని టీఎల్‌సీ చేస్తే మూడు పసుపు చుక్కలు వచ్చాయి. కుర్కుమిన్ ఒక్కటే కదా ఉండాలి. పొడి కల్తీదా?
– ఒక బి.ఫార్మసీ విద్యార్థిని

జవాబు: మూడు రావడమే మంచి గుర్తు. కుర్కుమిన్‌తో పాటు దానికన్నా ఒక మిథాక్సీ (ఓసీహెచ్3) సమూహం తక్కువైనదీ, రెండూ లేనిదీ కొమ్ములోనే సహజంగా ఉంటాయి. అణుభారాలు 368, 338, 308. ఒక్కో మిథాక్సీకి 30 తగ్గుతూ పోతుంది. క్లోరోఫామ్–మెథనాల్ 95:5లో కుర్కుమిన్ అన్నింటికన్నా పైన, రెండు మిథాక్సీలూ లేనిది అన్నింటికన్నా కింద ఉంటాయి. మిథాక్సీ ఉన్నచోట పక్కనున్న ఫినాల్ దానితో హైడ్రోజన్ బంధం కట్టుకుని సిలికా మీద పట్టు సడలిస్తుంది. మిథాక్సీ లేని ఫినాల్ సిలికాను అంటిపెట్టుకుని వెనకబడుతుంది. ఒకే ఒక్క చుక్క వస్తేనే అనుమానించండి. ప్రయోగశాలలో సంశ్లేషణ చేసిన కుర్కుమిన్ అయ్యుండవచ్చు.

సారాన్ని తాజాగా వాడండి. పీహెచ్ 7.2 బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర కుర్కుమిన్‌లో 90 శాతం వరకు అరగంటలోనే విరిగిపోతుందని 1997లో ప్రచురితమైన కొలతలున్నాయి. ఆమ్లగుణం ఉన్న ద్రావణంలో, చీకట్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. నీళ్ళలో కరగడం లేదని సోడా పోసి ఎర్రగా కరిగించే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ ఎరుపులో మీరు చూస్తున్నది పాడవుతున్న కుర్కుమినే.

ప్రశ్న: ఆకు సారంలోని హెక్సేన్ భాగం నుంచి నూనెలాంటి పదార్థం దొరికింది. మాస్ స్పెక్ట్రంలో 391, 149 దగ్గర బలమైన శిఖరాలు. ఈ మొక్కలో ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు. ప్రచురించవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: దయచేసి ఆగండి. 391, 149 జంట ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే డై(2-ఇథైల్‌హెక్సైల్) థాలేట్ గుర్తు. దాని అణుభారం 390, ప్రోటాన్ చేరితే 391. 149 థాలిక్ అన్‌హైడ్రైడ్ ముక్క. ప్రోటాన్ ఎన్.ఎం.ఆర్.లో 7.7, 7.5 దగ్గర అద్దంలో ఒకదానికొకటి బొమ్మల్లా ఉన్న రెండు గుంపులు, 4.2 దగ్గర ఆక్సిజన్ పక్కనున్న సీహెచ్2 కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. ప్లాస్టిక్ డబ్బాలో వచ్చిన ద్రావణి, కడగడానికి వాడే ప్లాస్టిక్ సీసా, రబ్బరు ట్యూబులు, చేతి తొడుగులు దీని దారులు. మొక్క నుంచి వచ్చిందని రాసిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. వాటిని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

తేల్చుకోవడానికి ఖాళీ ప్రయోగం చేయండి. ఆకు లేకుండా, అంతే ద్రావణిని, అవే పాత్రల్లో, అదే కాలమ్ మీదుగా పోనిచ్చి, అదే ఫ్లాస్కులో ఆరబెట్టి, మిగిలినదాని స్పెక్ట్రం తీయండి. ఆ నూనె మళ్ళీ దొరికితే అది ఆకుది కాదు. ద్రావణిని గాజు పాత్రల్లో స్వేదనం చేసి వాడితే బెడద చాలావరకు తీరుతుంది.

ఇలాగే మోసపుచ్చేవి ఇంకొన్ని: డ్యూటీరియేటెడ్ క్లోరోఫామ్‌లో 0.07 దగ్గర సిలికోన్ గ్రీజు, 0.86, 1.26 దగ్గర హైడ్రోకార్బన్ గ్రీజు. అంతకన్నా తెలివిగా మోసం చేసేవి ద్రావణి వల్లే పుట్టే కృత్రిమాలు. మెథనాల్‌లో రోజుల తరబడి ఉంచిన ఆమ్లాలు మిథైల్ ఎస్టర్లవుతాయి. క్లోరోఫామ్ నిలవ ఉండటానికి ఇథనాల్ కలుపుతారు, దాని వల్ల ఇథైల్ ఎస్టర్లు కనబడవచ్చు. పాత క్లోరోఫామ్‌లో పుట్టే హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నితమైన అణువులను విరిచేస్తుంది. ఎసిటోన్‌లో పక్కపక్క హైడ్రాక్సిల్స్ ఎసిటోనైడ్లుగా మూసుకుంటాయి. మీకు మిథైల్ ఎస్టర్ దొరికితే, మెథనాల్ బదులు ఇథనాల్‌తో మళ్ళీ తీసి చూడండి. రెండోసారి ఇథైల్ ఎస్టర్ వస్తే మొదటిదాన్ని మొక్క కాదు, మీ సీసా చేసిందని తేలినట్టే.

ప్రశ్న: మలేరియా మందు ఆర్టిమిసినిన్‌ను ఆకు నుంచి వేడినీళ్ళతో ఎందుకు తీయరు?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: రెండు కారణాలు. అది నీళ్ళలో సరిగా కరగదు. పైగా దాని శక్తంతా రెండు ఆక్సిజన్లు పక్కపక్కన కలిసిన పెరాక్సైడ్ వంతెనలో ఉంది, ఆకుతో పాటు మరిగిస్తే మలేరియా మీద పనిచేసే గుణం పోతుంది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌కు మారాకే సారం నమ్మకంగా పనిచేసింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది.

ప్రశ్న: ఎన్.ఎం.ఆర్. లేని రోజుల్లో ఇంత చిక్కు అణువుల నిర్మాణం ఎలా తేల్చారు? ఫార్ములా చూసి మేమేమైనా చెప్పగలమా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: తెలిసిన చర్యలతో అణువును ముక్కలు చేసి, ఆ ముక్కలను గుర్తుపట్టి, మళ్ళీ మనసులో అతికించి తేల్చారు. ఎంత కాలం పట్టేదో స్ట్రిక్నిన్ అనే మొక్కల విషం చెబుతుంది. పెల్లెటియే, కావెంటూ 1818లో దాన్ని వేరుచేస్తే, రాబర్ట్ రాబిన్సన్ సరైన నిర్మాణం చెప్పింది 1946లో. వుడ్‌వర్డ్ సంశ్లేషణ చేసింది 1954లో. తప్పులూ జరిగాయి. స్టెరాల్స్ (కొలెస్టరాల్ జాతి పదార్థాలు) మీద పనికి విండౌస్‌కు 1928లో నోబెల్ ఇచ్చారు, అప్పటికి ప్రతిపాదించిన కొలెస్టరాల్ వలయాల అమరిక మాత్రం తప్పు. 1932లో బెర్నాల్ ఎక్స్‌కిరణాలతో ఆ జాతి స్ఫటికాలను కొలిచి, అణువు పొడవుగా, పలచగా ఉందని చూపాకే, పాత బొమ్మ అంత సన్నటి చోట పట్టదని తెలిసి దాన్ని దిద్దారు.

ఫార్ములా చూసి మీరు చెప్పగలిగేది తక్కువేం కాదు. స్ట్రిక్నిన్ సి21హెచ్22ఎన్2ఓ2. 21 కార్బన్లకు 44 హైడ్రోజన్లు, ఒక్కో నత్రజనికి ఒకటి చొప్పున మరో రెండు కలిపి 46. ఆక్సిజన్లను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. 46లోంచి 22 తీస్తే 24, సగం 12. ఇందులో బెంజీన్ వలయంలోని ద్విబంధాలు మూడు, లాక్టమ్ (నత్రజని, కార్బోనిల్ పక్కపక్కన ఉన్న వలయం) కార్బోనిల్ ఒకటి, విడి కార్బన్ ద్విబంధం ఒకటి. ఐదు పోగా మిగిలిన ఏడూ వలయాలే. 21 కార్బన్ల మీద ఏడు వలయాలు! కాగితం మీద గీస్తే గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. బంతులూ పుల్లలూ ఉన్న మోడల్ కిట్‌తో కట్టండి. బెంజీన్ వలయంతో మొదలుపెట్టి, దానికి అతికిన ఐదు మూలల వలయం, లాక్టమ్, చివరగా ఆక్సిజన్ ఉన్న ఏడు మూలల వలయం, ఈ వరసలో వెళ్తే కుదురుతుంది. ఈథర్ ఆక్సిజన్‌తో మొదలుపెడితే సగంలో పుల్లలు అందవు.